శకుంతలమ్మ ఇంగ్లీషు

మట్టెవాడలో ఇంగ్లీషు పాండురంగం ఇల్లెక్కడని అడిగితే చిన్నపిల్లలు కూడా చెప్పేవాళ్లు. సాయంత్రం పూటయితే అడగనక్కర కూడా లేదు, చెవులుంటే చాలు. సందు మొదట్లోకి రాగానే ఎవరో ఒకరు గొంతు చించుకొని "ఎవ్రీ మార్నింగ్ ఐ గెట్ అప్ ఎట్ ఫైవ్" అని అరవడం వినపడేది. ఆ వెంటనే ఇంకో గొంతు, కాస్త బొంగురుది, "కరెక్ట్. వన్స్ మోర్" అనేది. మొదటివాడు మళ్లీ అరిచేవాడు. ఆ బొంగురు గొంతు పాండురంగానిది.

కొట్లల్లో గుమాస్తాలు, బస్సు కండక్టర్లు, బ్యాంకు ఇంటర్వ్యూల కోసం తిప్పలు పడే పిల్లలు, అందరూ ఆ ముందుగదిలో చాపల మీద కూర్చొని నోరు తిప్పడం నేర్చుకున్నవాళ్లే. అంతమందికి మాట నేర్పిన ఆ మనిషి కట్టుకున్న పెళ్లాంతో మాత్రం మాట్లాడడు. ఇంట్ల ఈగల మోత, బయట పల్లకి మోత అని ఊరికే అన్నారా పెద్దలు!

మాట్లాడడంటే కొట్లాడి అలిగి నాలుగు రోజులు మాట్లాడకపోవడం కాదు. ఏళ్లకేళ్లు. అన్నం వేళకు వచ్చి పీట మీద కూర్చునేవాడు. ఎదురుగా శకుంతల గిన్నె పట్టుకొని నిలబడే ఉండేది. ఆయన మాత్రం పక్కన ఆడుకుంటున్న కూతురి వైపు తిరిగి, "కమలా, మీ అమ్మను జర చారు పొయ్యుమను" అనేవాడు. శకుంతల చారు పోసి, "కమలా, ఉప్పు సరిపొయిందో లేదో అడుగు మీ బాపును" అనేది. పిల్లకు మాటలు రాని రోజుల్లో కూడా ఇదే తంతు. ఆ పిల్ల మొదట పలికిన మాట అమ్మా కాదు, బాపూ కాదు, "చెప్పు". కమల ఇంట్లో లేకపోతే గోడకో చెంబుకో చెప్పుకునేవాళ్లు. "ఓ చెంబూ, తానానికి నీళ్లు కాగినయా?" అని పాండురంగం అడిగితే, "కాగినయని చెప్పవే చెంబూ" అని శకుంతల వంటింట్లోంచి జవాబిచ్చేది. చూసినవాళ్లు నవ్వుకునేవాళ్లు. నవ్వుకొని ఇంటికి పోయేవాళ్లకేం, ఆ చెంబుతో కాపురం చేసేది ఆమె కదా.

అసలు జరిగింది ఇదీ. డెబ్బై రెండులో మేడారం జాతర వచ్చింది. అప్పటికి వాళ్లకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది అనసూయ, నాలుగేళ్లది. చిన్నది కమల, ఏడాది పిల్ల. అనసూయకు ఎత్తు బంగారం ఇస్తానని శకుంతల మొక్కుకుంది. జాతరలో బంగారమంటే బెల్లమే, పిల్లను తక్కెట్లో కూర్చోబెట్టి అంత బరువు బెల్లం తల్లులకు సమర్పించడం. పాండురంగానికి ఇలాంటివి పడవు. పత్తి కంపెనీలో గుమాస్తాగా చేస్తూ, తెలుగూ ఉర్దూ రెండూ రాని మదరాసు మేనేజరు దగ్గర ఇంగ్లీషు పట్టాడేమో, దానితోపాటు కొంచెం వెటకారమూ అంటుకుంది.

"మా అన్న కొట్ల బెల్లం బుట్టలకు బుట్టలున్నయి. ఆడికే పోయి దండం పెట్టుకోరాదు, బండి కిరాయన్న మిగులుతది" అన్నాడు.

అత్తగారింటి జనమంతా నవ్వారు. శకుంతలకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మాటకు మాట పెరిగింది. చివరికి కోపం పట్టలేక, "ఇగ నాతోని మాట్లాడితే మీకు పిల్లల మీద ఒట్టే!" అనేసింది.

అలాంటి ఒట్లు మన ఇళ్లల్లో పూటకొకటి పడుతుంటాయి. పొద్దున పెడతారు, పొద్దు గూకేలోపు తీసేస్తారు. దానికో పద్ధతి ఉంది. పెట్టినవాళ్లే "ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన" అనాలి, అప్పటిదాకా ఎదుటివాళ్లు నోరు మూసుకోవాలి. పాండురంగం అంతదాకా ఆగలేదు. మర్నాడు పొద్దున వంటింటి గుమ్మంలో నిలబడి, ఇంటిల్లిపాదీ వినేట్టు, "ఏమోయ్ శకుంతలా, చాయ్ తే. ఇగో మాట్లాడిన. ఏమైంది? ఇల్లు కూలిందా?" అన్నాడు. మళ్లీ అందరూ నవ్వారు. ఈసారి శకుంతలకూ నవ్వొచ్చింది. "సరే తీయుండ్రి, ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన" అని చాయ్ పోసిచ్చింది.

ఆ నెల తిరగకముందే అనసూయకు మెదడు జ్వరం వచ్చింది. దవాఖానలో వాళ్లు చేయగలిగింది చేశారు. పిల్ల దక్కలేదు.

ఊళ్లో ఒకరిద్దరు తల్లుల కోపమన్నారు. పరిహాసమాడినందుకు పసిపిల్లను తీసుకుపోయే తల్లులే అయితే అంత అడవిలోకి అంతమంది బిడ్డల్నెత్తుకొని ఎందుకు పోతారు? శకుంతల ఆ మాట నమ్మలేదు. కానీ పెద్దదినం అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక పాండురంగం ఆమె ముందు నోరు తెరవలేదు. మొదట ఏడుపనుకుంది, తరువాత అలకనుకుంది. ఆ తరువాత, బిడ్డను తనే మింగిందని, అందుకే ఆయనకు తన మొహం చూడబుద్ధి కావడం లేదని ఖాయం చేసుకుంది. "తీసేసిన, తీసేసిన, నూరుసార్లు తీసేసిన ఆ ఒట్టును" అని కాళ్ల మీద పడింది. ఆయన కాళ్లు వెనక్కి లాక్కొని, ఉయ్యాల్లో పిల్ల వైపు చూసి, బయటికి పోయాడు.

ఆ రోజు నుంచి శకుంతలకు ఒక్కటే ఆశ. నగలు కాదు, పట్టుచీరలు కాదు. ఆ మనిషి ఇంకొక్కసారి "ఏమోయ్ శకుంతలా" అంటే చాలు. ఆ తరువాత తిట్టినా సరే.

అన్నదమ్ములు వేరుపడ్డాక పత్తి కంపెనీ పని కూడా మానేసి పాండురంగం ముందుగదిలో క్లాసు పెట్టాడు. ఆయన బోధన వేరే రకం. పుస్తకం ఉండదు. మనిషి బతుకంతా చేసిందే చేయడమని ఆయన సిద్ధాంతం. "పొద్దున లేచిన కాడినించి మనం చేసేదేంది? నిన్న చేసిందే గద! ముందుగాల అది చెప్పుట నేర్చుకో, సగం ఇంగ్లీషు వచ్చినట్టే" అనేవాడు. రోజూ చేసేదానికి ఎవ్రీ డే. ఎప్పుడో ఓసారి చేసేదానికి నౌ అండ్ దెన్. వద్దన్నా మానలేనిదానికి కీప్. ఒకప్పుడు చేసి ఇప్పుడు మానేసినదానికి యూజ్డ్ టు. బోర్డు మీద ఈ నాలుగూ ఎప్పుడూ ఉండేవి, చెరపడానికి వీల్లేదు.

దానికి తోడు ఒక ఆన. ఎవరు లేచి చెప్పినా తన బతుకులోది, నిజమైనదే చెప్పాలి. ఉత్తుత్తి వాక్యాలు కుదరవు. కట్టయ్య అనే కండక్టరు ఓసారి "డైలీ డైలీ ఐ యామ్ గోయింగ్ టు టెంపుల్" అన్నాడు. "చాయిల చక్కెర రెండుసార్లు ఎయ్యరు, డైలీ ఒక్కటి చాలు. ఐ గో అను, ఐ యామ్ గోయింగ్ అంటే ఇప్పుడు తొవ్వల ఉన్నట్టు" అని దిద్ది, "గది సరే, నువ్వు గుడికి రోజు పోతానవా నిజంగ?" అని అడిగాడు. కట్టయ్య తల గోక్కుని, "నౌ అండ్ దెన్ సార్" అన్నాడు. ఒప్పు చెబితే "కరెక్ట్. వన్స్ మోర్" అనేవాడు. చెప్పినవాడు మళ్లీ ఒకసారి, సందు చివరిదాకా వినపడేట్టు చెప్పాలి. ఒకసారి చెప్పింది పొరపాటున వచ్చి ఉండొచ్చు, రెండోసారి చెప్పిందే వచ్చినట్టు లెక్క అని ఆయన నమ్మకం.

ముందుగదికీ నడిమింటికీ మధ్య ఒక పాత చీర తెర. దాని వెనక శకుంతల బియ్యం ఏరుకుంటూ, పిల్లకు జడ వేస్తూ, ఆ గొంతు వినేది. మొదట్లో మాటలు కాదు, గొంతే. తనతో తప్ప అందరితో మాట్లాడే ఆ గొంతును ఆమె ఆ తెర వెనక దొంగతనంగా దాచుకునేది. వినగా వినగా మాటలూ పట్టుబడ్డాయి. పొయ్యి ముందు కూర్చొని "ఎవ్రీ డే ఐ కుక్, ఎవ్రీ డే ఐ కుక్" అని తనలో తాను అనుకునేది. పక్కింటి భద్రమ్మ, వడ్లు దంచి బతికే ముసలావిడ, అది విని, "ఏంది బిడ్డా, మంత్రం జపిస్తానవ్?" అని అడిగింది. "ఏం లేదు పెద్దమ్మా" అని నవ్వేసింది శకుంతల.

డెబ్బై తొమ్మిదిలో, వానాకాలం ఒక సాయంత్రం, ఆమె తెర తీసుకొని ముందుగదిలోకి వచ్చింది. కొంగు నిండా కప్పుకొని చివరి చాప మీద కూర్చుంది. మగపిల్లలంతా సర్దుకున్నారు. పాండురంగం చేతిలో చాక్‌పీసు అలాగే ఆగిపోయింది. పొమ్మనడానికి నోరు తెరవాలి, తెరవడానికి వీల్లేదు. ఆమె ఆ ధైర్యంతోనే వచ్చింది.

వరసగా ఒక్కొక్కరూ లేచి చెబుతున్నారు. యాకయ్య అని బట్టల కొట్లో పనిచేసే అబ్బాయి, "ఐ కీప్ లూజింగ్ మై చెప్పల్స్" అన్నాడు. కరెక్ట్, వన్స్ మోర్ అయింది. తరువాతి వంతు శకుంతలది. ఆమె లేచింది. బోర్డు మీద నాలుగో మాట చూసింది.

"ఐ యూజ్డ్ టు హావ్ టూ డాటర్స్" అంది.

నాకు ఒకప్పుడు ఇద్దరు బిడ్డలుండేవాళ్లు. పాండురంగం గోడ వైపు తిరిగాడు. తరువాత ఆమె వైపు తిరిగి, కళ్లు ఆమె నెత్తి మీదుగా పెట్టి, "కరెక్ట్" అన్నాడు.

వన్స్ మోర్ అనలేదు. అనకపోయినా ఫరవాలేదు. ఏడేళ్లకు ఆయన నోటి నుంచి తన కోసం వచ్చిన మొదటి మాట అది. శకుంతల ఆ రాత్రి అన్నం తినలేదు, ఆకలి వేయలేదు.

మర్నాడు మళ్లీ వచ్చి కూర్చుంది. ఆ రోజు పాండురంగం ఎప్పుడూ లేనిది, తనే మొదట చెప్పాడు. బోర్డుకు ఆనుకొని నిలబడి, ఎవరినీ చూడకుండా, "ఎవ్రీ నైట్ ఐ గెట్ అప్. ఐ గో టు మై డాటర్. ఐ పుట్ మై ఫింగర్ నియర్ హర్ నోస్" అన్నాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తానని. పిల్లలకు అర్థం కాలేదు, దోమలు తోలుతాడనుకున్నారు. శకుంతలకు అర్థమయింది. ఊపిరి ఉందా లేదా అని చూసుకుంటున్నాడు.

ఇన్నేళ్లూ తను కోపమనుకున్నది కోపం కాదు, భయం! ఒట్టంటే నవ్విన మనిషికి ఆ ఒట్టే గుండెలో దిగబడింది. ఒక్క మాటకు ఒక బిడ్డ పోయింది, ఇంకో మాటకు ఇంకో బిడ్డ పోతుంది. పెట్టినామె తీసేసినా లాభం లేదు, తీసేలోపే తను మాట్లాడాడు కదా. బీఏ చదివినవాళ్లకు పాఠం చెప్పే మనిషి, పదేళ్ల పిల్ల కూడా నవ్వే లెక్క వేసుకొని దాని కింద నలిగిపోతున్నాడు. శకుంతలకు జాలి వేసింది, ఒళ్లు మండింది, రెండూ ఒక్కసారే. ఆ ఒట్టు తన నోటి నుంచి వచ్చిందే అని గుర్తొచ్చి ఏడ్చింది.

అయితే క్లాసులో కూర్చున్న ఆడమనిషి ఇంగ్లీషు నేర్చుకునే విద్యార్థి. పదిమందిలో ఒకతె. ఆమెను పలకరిస్తే పెళ్లాంతో మాట్లాడినట్టు కాదు. ఆ సందు ఎవరు వెతికారో తెలియదు గానీ ఇద్దరూ అందులోనే దూరారు. అప్పటి నుంచి శకుంతల ఒక్క సాయంత్రం మానలేదు. వాళ్ల కాపురమంతా ఆ చాపల మీదికి మారింది. "ఎవ్రీ డే సంబడీ పుట్స్ టూ మచ్ సాల్ట్ ఇన్ ద దాల్" అని సారు ఉదాహరణ చెబితే పిల్లలంతా ముసిముసిగా నవ్వేవాళ్లు. మర్నాడు పప్పులో ఉప్పు తగ్గేది. "సార్, డూ యూ ఆఫెన్ స్మోక్?" అని శకుంతల అడిగితే సారు దగ్గి, "నౌ అండ్ దెన్" అనేవాడు. "సార్, సే ద ట్రూత్" అనేది ఆమె. "ఎవ్రీ డే" అని తల వంచుకునేవాడు. క్లాసు అయిపోయి అందరూ చెప్పులు వేసుకోగానే మళ్లీ చెంబులూ గోడలూ కమలా మొదలు.

ఆమెకు అది చాలదు. ఎలా చాలుతుంది? ఆయన ఆమెను క్లాసులో "యూ, లాస్ట్ మ్యాట్" అని పిలిచేవాడు. చివరి చాప. పేరుండి, పసుపు కుంకుమలుండి, చివరి చాప అనిపించుకోవడం ఎవరికి ఇష్టం? కానీ ఉన్నదది. లేనిదానికన్నా నయమని ఆమె సరిపెట్టుకుంది.

ఎనభైలు సగం దాటాక కాలం మారింది. హనుమకొండ చౌరస్తాలో టేపురికార్డరు పెట్టి, కుర్చీలు వేసి, నెల రోజుల్లో ఇంగ్లీషు అని బోర్డు కట్టినవాళ్లొచ్చారు. చాపల మీద కూర్చునే పిల్లలు తగ్గారు. కట్టయ్యకు వేరే డిపోకు బదిలీ అయింది. కమల నర్సు ట్రైనింగుకు హైదరాబాదు వెళ్లింది. బిడ్డ వెళ్లిన రోజు పాండురంగం స్టేషన్ నుంచి వచ్చి, గోడతో కూడా మాట్లాడకుండా పడుకున్నాడు. ఇంట్లో మాటలు మోసే మనిషి పోయింది. చివరికి యాకయ్య కూడా బొంబాయిలో పని దొరికిందని దండం పెట్టి వెళ్లాడు.

మర్నాడు సాయంత్రం శకుంతల ఎప్పటిలాగే దీపం పెట్టి, మొహం కడుక్కొని, చివరి చాప మీద కూర్చుంది. పాండురంగం చాక్‌పీసు పట్టుకొని వచ్చాడు. గది చూశాడు. ఆమె తప్ప ఎవరూ లేరు. ఎవరూ లేనప్పుడు అది క్లాసు కాదు, ఇల్లు. చాక్‌పీసు గూట్లో పెట్టి, చెప్పులు వేసుకొని బయటికి నడిచాడు.

ఆమెకు పుట్టెడు దుఃఖమొచ్చింది. దుఃఖం ఆపుకొని పక్కింటికి వెళ్లి భద్రమ్మ చేతులు పట్టుకుంది.

"పెద్దమ్మా, నువ్వొచ్చి మా ఇంట్ల కూసోవాలె."

"ఎందుకే?"

"ఇంగ్లీషు నేర్చుకునేటందుకు."

భద్రమ్మ ఆమె మొహం చూసింది. ముసలిదానికి ఒట్టు సంగతి తెలుసు. "నాకు సావచ్చే కాలానికి ఇంగిలీషా! ఒక్క తమలపాకు కట్ట తెచ్చిపెట్టు, వస్త" అంది.

ఆ విధంగా పాండురంగం క్లాసు మళ్లీ నడిచింది. ముందు చాప మీద భద్రమ్మ ఆకు నములుతూ, అయిదు నిమిషాలకోసారి కునికిపాట్లు పడుతూ. చివరి చాప మీద శకుంతల. సారు భద్రమ్మ నెత్తి మీదుగా "వాట్ డూ యూ డూ ఎవ్రీ ఈవినింగ్?" అని అడిగేవాడు. శకుంతల జవాబిచ్చేది. మధ్యలో భద్రమ్మ మేలుకొని, "కరెక్టే" అనేది. ఆ ముసలిది బతికున్నన్నాళ్లూ ఆ ఇంట్లో మాట బతికింది. ఎనభై తొమ్మిది మొదట్లో చలికి ఆమె పోయింది. ఆ తరువాత చాపలు చుట్టి మూల పెట్టారు. బోర్డు మీది నాలుగు మాటలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఆ ఎండాకాలమే పాండురంగానికి ఛాతీలో నీరు చేరింది. రోజూ తాగిన బీడీలు ఊరికే పోతాయా. పెద్ద దవాఖానలో చేర్చారు. పొడుగాటి వార్డు, ఇరుపక్కలా మంచాలు. డాక్టరు శకుంతలను బయటికి పిలిచి, "ఎవరన్న రావల్సినోళ్లుంటే పిలిపించుండ్రి" అన్నాడు. ఆమె హైదరాబాదుకు తంతి కొట్టించింది. మర్నాడు పొద్దెక్కాక కమల బస్సెక్కిందని కబురొచ్చింది.

మధ్యాహ్నం ఆయనకు కొంచెం తెలివొచ్చింది. పెదాలు తడుపుకొని, పక్కనున్న సెలైను కడ్డీ వైపు చూసి, "ఓ కడ్డీ... నీళ్లు" అన్నాడు. శకుంతల చెంచాతో నీళ్లు పోసింది. మళ్లీ ఏదో అనబోయి, కడ్డీ వైపు చూసి, ఆగిపోయాడు. ఆ మాట ఇనుప కడ్డీతో చెప్పేది కాదు. కళ్ల కొనల నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి.

ఆమెకు తెలిసిపోయింది. చుట్టూ చూసింది. వార్డు నిండా మనుషులున్నారు. పక్క మంచం మీద కాలు విరిగిన రైతు మొండయ్య, అవతల ఇంకెవరో. క్లాసుకు ఏం కొదువ? కొంగు సర్దుకొని, చేతులు కట్టుకొని, మంచం చివర నిలబడింది.

"గుడ్ ఈవినింగ్ సార్" అంది.

పాండురంగం కళ్లు తెరిచాడు. కిటికీలో ఎండ చూశాడు. ఊపిరి అందుకొని, "గుడ్... ఆఫ్టర్‌నూన్" అని దిద్దాడు.

మొండయ్య ఉలిక్కిపడి తలెత్తి చూశాడు, నర్సమ్మలు వచ్చారేమోనని.

"సార్, వాట్ డూ యూ డూ ఎవ్రీ డే?" అంది శకుంతల.

ఆయన పదిహేనేళ్లుగా ఎంతమందిచేతనో నిజం చెప్పించిన మనిషి.

"ఎవ్రీ డే... ఐ టాక్ టు యూ" అన్నాడు. "ఇన్ మై మైండ్. ఎవ్రీ డే."

ఇన్నేళ్లూ రోజూ, మనసులో, ఆమెతో మాట్లాడుతూనే ఉన్నాడు. శకుంతల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడిస్తే క్లాసు ఆగిపోతుంది. ఆయన అనే మాట ఆయనకే అప్పజెప్పింది.

"కరెక్ట్. వన్స్ మోర్, సార్."

"ఎవ్రీ డే... ఐ టాక్ టు యూ."

రెండోసారి చెప్పిందే వచ్చినట్టు లెక్క. ఆమె మంచం పక్కన కూలబడి, ఆయన చెయ్యి పట్టుకొని, క్లాసు సంగతి మరిచిపోయి, "ఒక్కసారి మన మాటల అనరాదుండ్రి" అంది. "ఒక్కసారి నన్ను పేరు పెట్టి పిలువుండ్రి. ఆ ఒట్టు ఎన్నడో తీసేసిన. ఇప్పుడు మల్ల తీసేస్తాన, ఇగో, మీ కాళ్ల మీద తీసేస్తాన. ఇగ పొయ్యేదేముంది మనకు? ఒక్కసారి."

ఆయన ఆమెను చూశాడు. నెత్తి మీదుగా కాదు, కళ్లలోకి చూశాడు. ఆ పెదాలు కూడుకున్నాయి. గోడకున్న గడియారం వైపు ఆయన చూపు పోయింది, అక్కడి నుంచి తలుపు వైపు పోయింది. మెల్లగా తల అడ్డంగా ఊపాడు.

"కమల ఈజ్ ఆన్ ద రోడ్" అన్నాడు.

బిడ్డ బస్సులో ఉంది. బిడ్డ తొవ్వలో ఉంది. లారీలు తిరిగే తొవ్వ. అంతే. ఆమె చేతిని మాత్రం గట్టిగా పట్టుకున్నాడు. అది మాట కాదు కదా, ఒట్టు కిందికి రాదు. కాసేపటికి ఆ పట్టు సడలింది. మొండయ్యే నర్సమ్మను కేకేశాడు.

కమల వచ్చేసరికి పొద్దు గూకింది. మడికొండ దగ్గర బస్సు టైరు పంక్చరై ఆగిపోయిందట. వార్డు తలుపు దగ్గర సంచి పారేసి, దుమ్ము కొట్టుకుపోయిన మొహంతో ఉరికొచ్చింది. దుప్పటి కప్పిన మంచం చూసి నిలబడిపోయింది. పుట్టినప్పటి నుంచి ఆ ఇద్దరి మధ్య మాటలు మోసిన పిల్ల. ఏడుపు మధ్య ఆమె నోటికొచ్చిందీ అదే.

"అమ్మా, బాపు ఏమన్నడే? నాకేమన్న చెప్పుమన్నడా?"

శకుంతల బిడ్డను దగ్గరికి లాక్కుంది. తల తడిమింది, భుజాలు తడిమింది, చేతులు తడిమింది. ఎక్కడా చిన్న గీత కూడా లేదు. అలా తడుముతూ తడుముతూ, ఎవరూ చూడకుండా, బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. వెచ్చగా ఊపిరి తగిలింది.

"నువ్వు మంచిగ రావాల్నన్నడు బిడ్డా" అంది. "మంచిగనే వచ్చినవ్."